మా అక్క విత్తిన క్లైమాక్స్

ఆ సినిమా ముగింపు మా అక్కది. దానికి అవార్డు తీసుకున్నది వేరే ఆయన.

ఇది ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను ఎంత నవ్వుతూ చెప్పినా, మాటల్లో ఎక్కడెక్కడికి పోయినా, జరిగిన అన్యాయం మాత్రం ఇదే. చెన్నైలో ఒక ఫిలిం ఫెస్టివల్లో, తమిళ సినిమాలకు అవార్డులిచ్చే సాయంత్రం, ఉత్తమ కథ అని పిలిచి ఒక పెద్దమనిషి చేతిలో షీల్డు పెట్టారు. న్యాయనిర్ణేత కళ్ళజోడు సవరించుకుని కాగితం చదివాడు. వృథాగా నేలపాలైన నీళ్ళలోంచి మొలకలు లేపిన ఆ చివరి దృశ్యం రచయిత ఊహాశక్తికి పరాకాష్ఠ అట. ఊహాశక్తి! అవి ఊహలు కావయ్యా, ఉలవలు. బూడిద కలిపి కుండలో దాచుకున్న నాలుగు సేర్ల ఉలవలు. చల్లింది ఎనభై ఏళ్ళ మా అక్క.

ఇందులో ఎవరి పేర్లూ రాయడం లేదు. ఆమె పేరు పడాల్సిన చోటు ఇది కాదు గనక, తెర మీద పడకుండా ఇక్కడ రాసి ఏం లాభం అని మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నాను.

నాకు తమిళం ఎలా వచ్చిందో చెప్పాలి. నేను బడికి పోలేదు. తెలుగు అక్షరాలు కదిరి గోడల మీద సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నాను. పదిహేనేళ్ళప్పుడు వేరుశెనక్కాయల లారీ ఎక్కి మద్రాసు పోయి, అక్కడ మూటలు దించుతూ ఆరేళ్ళున్నాను. అక్కడి పోస్టర్ల మీద తమిళం నేర్చుకున్నాను. అందుకే నా తమిళ అక్షరాలు ఇప్పటికీ గోడకు అతికించినంత లావుగా ఉంటాయి. ఒక కార్డు మీద నాలుగు మాటల కంటే పట్టవు. ఆరేళ్ళు చాలక, తిరిగొచ్చాక కూడా దొరికిన తమిళ కాగితమల్లా చదివాను. పొట్లాలు కట్టిన కాగితాలు సైతం వదల్లేదు. ఆ చదువు నాకెప్పుడైనా అక్కరకొస్తుందని మా ఊళ్ళో ఒక్కరూ అనుకోలేదు. నేను అనుకున్నాను.

సినిమావాళ్ళు మా దగ్గరికి ఎందుకు వచ్చారో వింటే మీకే నవ్వొస్తుంది. కథ తమిళనాడులో ఒక కరువు జిల్లాలో జరగాలి. ఆ ఏడు ఆ జిల్లాలో వానలు పడి, ఎక్కడ చూసినా పచ్చగా అయిపోయిందట. కరువు వెతుక్కుంటూ రాష్ట్రం దాటి, కదిరి పక్కన మా తనకల్లు దాకా వచ్చారు. ఆ సరుకు మా దగ్గర ఎప్పుడూ నిల్వ ఉంటుంది. మా ఊరు చూడగానే దర్శకుడి మొహం వెలిగిపోయింది. ఆయనే కథ కూడా రాసుకున్నాడు. తెల్ల టోపీ పెట్టుకుని, మా ఎండిన చేలవైపు రెండు చేతులూ చాచి, "అబ్బ, ఎంత అందం!" అన్నాడు. తమిళం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే గనక, ఆ మాట తెలుగులో చెప్పాను. మా వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మరుసటి రోజుకల్లా బడి గోడ మీద తమిళ బోర్డు వచ్చింది. బస్టాపు పేరు మారింది. నీళ్ళ ట్యాంకరు మీద తమిళ అక్షరాలు ఎక్కాయి, అందులో ఒకటి తప్పుంటే నేనే దిద్దించాను. పన్నెండు రోజులు మేమంతా ఇల్లు కదలకుండా ఇంకో రాష్ట్రంలో ఉన్నాం. మడకశిర నుంచి గొర్రెలు తోలుకొచ్చిన ఒకాయన బోర్డు చూసి, దారి తప్పానని వెనక్కి మళ్ళబోయాడు కూడా.

కథ ఇది. హీరో నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. ఊరికి పోయాల్సిన నీళ్ళు ఒక పెద్దాయన తన తోటకు పొయ్యమంటాడు. హీరోకు కడుపు మండి, నడి దారిలో బండి ఆపి, బీడు పొలంలో వాల్వు తిప్పేస్తాడు. నీళ్ళన్నీ నేలపాలు. జైలుకు పోతాడు. తిరిగొచ్చి ఆ పొలం చూస్తే మళ్ళీ ఎండి బీటలు వారి ఉంటుంది. దాని మీద కూలబడతాడు. అయిపోయింది. నేను వినగానే, "ఇదేం ముగింపు సార్? జనం లేచి పోతారు" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

ఆ బీడు పొలం మా అక్కది. రోడ్డు పక్కన అరెకరం తునక. చెప్పుకోవడానికి ఆమెది, పాసుపుస్తకంలో మాత్రం చనిపోయిన మా బావది, ఆయన తర్వాత కొడుకుది.

నీళ్ళు వదిలే రోజు ఊరంతా గట్టు మీద చేరింది. వాల్వు తిప్పారు. దూరం నుంచి తెచ్చిన ట్యాంకరు నీళ్ళు బుడబుడమని చేలో పడ్డాయి. "కట్" అన్నారు. హీరో మొహం సరిగ్గా రాలేదట. ఇంకో ట్యాంకరు. మళ్ళీ కట్. మేఘం అడ్డొచ్చిందట. మూడు, నాలుగు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నిలబడి, ఎవరో తమ ఇల్లు కూలగొడుతుంటే చూస్తున్నట్టు చూస్తున్నారు. అయిదో ట్యాంకరుకి మా అక్క ఓపిక చచ్చింది. టోపీ ఆయన దగ్గరికి నేరుగా పోయింది.

"ఇదేమి పోయేకాలమప్పా నీకు? తాగే నీళ్ళు ఎద్దు ఉచ్చ పోసినట్ల పోపిస్తాండావే! నీ ఇంట్లో ఇట్లనే పోస్తావా?"

దర్శకుడు నా వైపు తిరిగి, ఆమె ఏమంటోంది అని అడిగాడు.

నేను తమిళంలో చెప్పాను. "మీ శ్రద్ధ చూసి ఆశ్చర్యపోతోంది సార్."

ఆయన పొంగిపోయి ఆమెకు రెండు చేతులా దండం పెట్టాడు.

అక్క నా మీద పడింది. "తిడ్తే దండం పెడ్తాడేమిరా? నువ్వేం చెప్పినావు?"

"చెప్పినా లేక్కా. సిగ్గుపడి పెట్టినాడు."

"సిగ్గుంటే ఆ కొళాయి కట్టమను!"

కట్టలేదు. ఆరో ట్యాంకరుతో షాటు ఓకే అయింది. అందరూ చప్పట్లు కొట్టారు. సామాను సర్దుకుని, జైలు సీన్లకోసం పుట్టపర్తి వైపు పోయారు. వారం తర్వాత వస్తాం, అప్పటికి నేల ఎండి ఉంటుంది, చివరి సీను తీస్తాం అని చెప్పి పోయారు.

ఇక్కడ మా మనుషుల సంగతి ఒకటి చెప్పాలి. మాకు నేల తడిసి పదునెక్కితే చాలు, చెయ్యి ఊరుకోదు. వాన ఎంత పడింది, ఇంకా పడుతుందా అని లెక్కలు తర్వాత. ముందు విత్తనం పడాలి. తడిసిన నేలను ఊరికే వదిలేస్తే వడ్డించిన విస్తరి ముందునుంచి లేచిపోయినంత తప్పుగా ఉంటుంది మాకు. ఆ వచ్చినవాళ్ళకు ఇది తెలియదు. నాకు తెలిసీ తట్టలేదు.

తెల్లారి నేను పళ్ళు తోముకుంటూ పోతుంటే, అక్క కొంగు నడుముకు చుట్టి, ఒళ్ళో ఉలవలు పోసుకుని చల్లుతోంది. పక్కింటి ఆయన గింజల మీద మన్ను కప్పడానికి కాడెద్దులతో గుంటక తోలుతున్నాడు. ట్యాంకర్ల నీళ్ళు పారినంత మేర, గీత గీసినట్టు, అంతవరకే.

"అక్కా, ఇది వానది కాదు గదా! సినిమా నీళ్ళు!"

"నేలకు తెలుసునా అవి యాడనుంచి వచ్చినాయో? తడిసిందా లేదా, అంతే. ఆరు బండ్ల నీళ్ళురా! పారబోసినోళ్ళకు లేకపోయినా మనకుండాల గదా."

"వాళ్ళు మళ్ళీ వస్తారు అక్కా. ఎండిన నేల కావాలంటారు."

"దానికేమి, చుట్టూ ఉండేదంతా అదే గదా. కావలసినంత తీసుకోమను."

నేను పోయి టీ తాగాను.

ఎనిమిదో రోజు బండ్లు వచ్చాయి. దర్శకుడు దిగి, టోపీ సర్దుకుని, పొలంవైపు చూశాడు. రెండాకుల మొలకలు, చెదురుమదురుగా కాదు, చాప పరిచినట్టు. చుట్టూ కనుచూపు మేర ఎర్రటి బీడు, నడుమ ట్యాంకరు నీళ్ళు పారిన ఆకారంలో పచ్చ మరక. ఆయన "నా కరువు! నా కరువును ఎవరు పాడుచేశారు?" అని అరిచాడు.

సహాయకులు నలుగురు పీకడానికి దిగారు. అక్క గట్టు మీద నుంచి లేచింది. చేతిలో కొడవలి ఉంది, ఎవరి మీదా ఎత్తలేదు, ఊరికే ఉంది.

"ఒక్క మొలక పీకినారంటే చూడు! యాడినుంచి వచ్చినారప్పా మీరు? ఎండిపోతే సంతోషం, మొలిస్తే ఏడుపా? మొలిచిన దాన్ని పీకి చచ్చినట్ల చూపిస్తారంట, అదొక కథంట! ఆ పిల్లోడు జైల్లో ఉండి వచ్చినాడు గదా, వాడికి ఇది కనపడనీ. వాడు పారబోసింది ఊరికే పోలేదని తెలవనీ. అది గదప్పా కథ!"

నేను నోరు తెరిచాను. ఆరేళ్ళ మద్రాసు తమిళం, పొట్లాల కాగితాల తమిళం, అంతా వాడి, ఈసారి ఒక్క మాట కూడా మెత్తబరచకుండా చెప్పాను. కొడవలి సంగతి ఒక్కటి చెప్పలేదు, అది కనబడుతూనే ఉంది.

దర్శకుడు చాలాసేపు మొలకలవైపు చూశాడు. గట్టు మీద కూర్చున్నాడు. అక్క చెంబుతో మజ్జిగ ఇస్తే తాగాడు. మూతి తుడుచుకున్నాడు. ఉన్నట్టుండి లేచి, "కెమెరా!" అని కేక వేశాడు. అందరూ గంతులేస్తూ పరుగెత్తారు, నేను కూడా, నాకు పనేమీ లేకపోయినా.

హీరో వచ్చి మొలకల ముందు మోకాళ్ళ మీద పడి, కుక్కపిల్లను నిమిరినట్టు నిమిరాడు. అక్క నెత్తి కొట్టుకుంది.

"ఓయప్పా! మొలకను ఎవరన్నా అట్ల పిసుకుతారా? కూచో. గొంతుక్కూచో. తాకద్దు. తల ఒక పక్కకు వంచి చూడు, యాడ సందులు పడినాయో. అంతే. సందు పడినచోట నోట్లో నాలుక చప్పరించు."

ఆ పిల్లాడు మంచివాడు. చెప్పినట్టే గొంతుక్కూర్చుని, తల వంచి, నాలుక చప్పరించాడు. అచ్చం చేలో మొలకలు చూసుకునే మా నాయన.

సినిమా వచ్చింది, పోయింది. మా ఊరికి రాలేదు. ఆ ఉలవలు అంతకు ముందే కోతకొచ్చాయి, నూర్చుకున్నాం. తర్వాత ఒక మధ్యాహ్నం, తనకల్లులో నా స్నేహితుడైన దర్జీ సాయిబు కొట్లో కూర్చున్నాను. ఆయన ఫోనులో ఏవో వీడియోలు చూస్తూ కాజాలు కుడుతూ ఉంటాడు. ఉన్నట్టుండి మిషను ఆపాడు.

"అన్నా, ఇట్ల రా. మీ టోపీ ఆయన ఈడ ఉండాడు. ఏమో ఇస్తాండారు ఆయనకు."

అది ఆ అవార్డుల సాయంత్రం వీడియో. నేను వింటూ ఆయనకు తెలుగులో చెప్తూ వచ్చాను. న్యాయనిర్ణేత పరాకాష్ఠ అనేదాకా ఓర్చుకున్నాను. తర్వాత దర్శకుడు మైకు తీసుకుని, ఈ ముగింపు నాకు ఒక తెల్లవారుజామున సముద్రపు ఒడ్డున నడుస్తుంటే తట్టింది అన్నాడు.

"ఏమన్నాడన్నా?"

"సముద్రం కాడ తట్టిందంట."

సాయిబు సూది నోట్లోంచి తీసి గుడ్డకు గుచ్చి, అప్పుడు నవ్వాడు. నవ్వి నవ్వి మిషను మీద వాలిపోయాడు. "మన తనకల్లుకు సముద్రం వచ్చినాదా? నాకు ఒక మాట చెప్పలేదేమన్నా! ఈత నేర్చుకుంటాంటి గదా!"

నాకు నవ్వు రాలేదు. ఇంకో నిమిషానికి వచ్చింది, ఆపుకోలేనంత.

ఇంటికి పోయి అక్కకు చెప్పాను. ఆమె వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. మొదట నమ్మలేదు.

"ఉలవలు చల్లితే బహుమానం ఇస్తారా? అట్లయితే మన జిల్లాలో యాడ పెట్టుకుంటార్రా అన్ని బహుమానాలు?"

"ఉలవలకు కాదక్కా. కథకు. నువ్వు గట్టు మీద నిలబడి చెప్పినావే, అదే కథంట."

ఆమె చేతులాగాయి. "నా పేరు ఏసినారా?"

"లేదు."

ఒలిచిన గింజలు చేటలో పోస్తూ, రేపటి కూర గురించి చెప్పినట్టు మామూలుగా అంది. "పొలం మీ బావ పేరు మీద ఉండె. ఇప్పుడు పిల్లోని పేరు మీద ఉండాది. రేషన్ కార్డులో నాలుగో దాన్ని. ఇది ఒకటి నాది అంటాండావు. అట్లయితే ఏయమను. ఊరికే యాడనో మూల కాదు, పెద్ద అక్షరాలతో ఏయమను."

అదీ నాకు ఆమె అప్పజెప్పిన పని. డెబ్బై నాలుగేళ్ళ వయసులో నా తమిళానికి ఇంతకంటే పెద్ద పని దొరకదు.

మొదటి ఉత్తరం ఫెస్టివల్ కమిటీకి రాశాను. నా లావు అక్షరాలతో పదకొండు పేజీలైంది. ఇరవై రోజులకు అచ్చు వేసిన కార్డు వచ్చింది. మా పోటీపట్ల మీ ఆసక్తికి ధన్యవాదాలు, ఈ ఏటి ఎంట్రీలు ముగిశాయి, వచ్చే ఏడాది మీ చిత్రాన్ని పంపగలరు అని. రెండో ఉత్తరం రాశాను. నాకు చిత్రం లేదు, అక్క ఉంది అని. దానికి ప్రేక్షకుల పాసుకు నింపాల్సిన ఫారం వచ్చింది, ఫోటో అతికించమని.

"ఫోటో అతికించు మరి. పోయి ముందు వరసలో కూచుని ఈల వెయ్యి" అన్నాడు సాయిబు.

అప్పుడు కోపం నిజంగా తలకెక్కింది. మూడో ఉత్తరం దర్శకుడి పేరు మీదే రాసి కమిటీ చిరునామాకు పంపాలనుకున్నాను, ఊరి సాక్ష్యంతో. పంచాయతీ అరుగు మీద కూర్చుని, ఆ రోజు గట్టు మీద ఉన్నవాళ్ళందరినీ పిలిచాను. ఉలవలు ఎవరు చల్లారు, మాట ఎవరు అన్నారు, అది చెప్పి సంతకమో వేలిముద్రో వెయ్యండి అన్నాను. అదే నేను చేసిన పొరపాటు. ఒక్కొక్కరికీ ఒక్కో అన్యాయం గుర్తొచ్చింది.

గుంటక తోలిన ఆయన ముందుకొచ్చాడు. "హీరో నెత్తికి చుట్టుకున్న టవలు నాది. సినిమా అంతా నాదే. అది కూడా రాయి."

"టవలుకు అవార్డు ఇయ్యలేదు గదప్పా!"

"ఇయ్యలేదనే రాయమంటాండా."

ఒకామె తన బిందె మూడుసార్లు కనబడిందని, మొహం ఒక్కసారీ కనబడలేదని చెప్పింది. ఇంకొకాయన కుక్కను చంకన పెట్టుకొచ్చాడు. "ఇది నాలుగు సీన్లలో ఉండాది. ఏ సీన్లోనూ రెండో టేకు అడగలేదు. హీరో అడిగినాడు." కుక్క కాలికి సిరా పూసి కాగితం మీద ఒత్తాం. అది అక్కడినుంచి ఉరికి, మిగతా సిరా అరుగంతా, సాయిబు తెల్ల లుంగీ మీదా ముద్రలేసింది. సాయిబు తిట్టడానికి నోరు తెరిచి, నవ్వు ఆపుకోలేక చతికిలబడ్డాడు. అక్క అన్నీ చూస్తూ మూల కూర్చుంది. తన వంతు వచ్చినప్పుడు వేలు సిరాలో ముంచి, కాగితానికి సరిగ్గా నడిమధ్య ఒత్తింది. అటువంటి వేలిముద్ర నేను చూడలేదు, ఒక్క గీతా చెదరలేదు. కింద ఆమె పేరు తమిళంలో రాశాను. ఎట్లుందిరా అని అడిగింది. నీ అంత పెద్దగా ఉందక్కా అన్నాను.

ఉత్తరంతోపాటు ఆ పంట ఉలవలు ఒక సేరు గుడ్డసంచిలో కుట్టించి పార్సిలు చేశాను. సంచి సాయిబు కుట్టాడు, రెండు వరసల కుట్టు. పోస్టాఫీసులో లోపల ఏముందని అడిగితే, కథ అని చెప్పాను. అవతలి ఆయన తూచి, కథ బరువుగానే ఉందన్నాడు.

నెల గడిచింది. అక్క రోజూ అడగలేదు. పోస్టుమాన్ సైకిలు వీధిలో వినబడినప్పుడు మాత్రం గుమ్మం దాకా వచ్చి, కోళ్ళను అదిలించినట్టు నటించి లోపలికి పోయేది. మా ఇంట్లో కోళ్ళు లేవు. రెండో నెల కూడా అయ్యాక నాకే భయం వేసింది. అనవసరంగా ఆశపెట్టానా అని. నాలుగో ఉత్తరానికి కాగితాలు కొని ఉంచాను.

అప్పుడు వచ్చింది జవాబు. చేత్తో రాసిన తమిళం. అక్కనూ సాయిబునూ ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివాను. దాన్నే తెలుగులో ఇక్కడ పెడుతున్నాను.

"అయ్యా, మీ ఉత్తరాలు మూడూ నాకు చేరాయి. మొదటి రెండూ కమిటీవాళ్ళు పంపితే చూసి పక్కన పెట్టాను. సిగ్గుతో పెట్టానని రాస్తే అబద్ధమవుతుంది. మీరు విసిగి ఊరుకుంటారనుకున్నాను. మూడోదాంట్లో కుక్క కాలి ముద్ర చూశాక మీరు ఊరుకునే మనిషి కాదని అర్థమైంది. సముద్రపు ఒడ్డు మాట అబద్ధం. నాకు మోకాళ్ళ నొప్పులు, ఇసుకలో నడిచి చాలా ఏళ్ళయింది. స్టేజీ మీద దీపాలు కళ్ళలో కొడుతుంటే నోటికొచ్చింది అన్నాను. మీరు సాక్ష్యంగా పంపిన ఉలవలను, ఉత్తరం నేను విప్పేలోపే, మా ఇంట్లో చారు పెట్టేశారు. ఆ రుచికి మా ఇల్లంతా మీ పక్షమే. ఫోన్లలో, టీవీల్లో ఇకమీదట వచ్చే ప్రతిలో కథ అన్నచోట మీ అక్కగారి పేరు వేయించాను. అక్షరాలు మీరు రాసి పంపినవే, ఒక్కటీ మార్చలేదు. నా పేరు దాని కింద ఉంది. పెద్ద అక్షరాలు కావాలన్నారట. సినిమా పేరుకంటే పెద్దగా వేయడం కుదరదని నిర్మాత అన్నారు, అందుకని దానికంటే ఒక్క పిసరు చిన్నగా వేశారు. ఆమెకు చూపించండి. అది చాలదంటే వెంటనే రాయండి, మళ్ళీ పోయి పోట్లాడతాను."